మొదటి గేరులో వెనక్కి

గుడివాడలో బందరు రోడ్డు పక్కన మా లేత్ షాపు ఉండేది. లోపల మిషనుకీ బయట వీధికీ మధ్య తాడు మీద ఒక పాత దుప్పటి వేలాడుతుండేది. ఇనప రజను ఎగిరి ఎవరి కళ్లలోనైనా పడుతుందని కట్టామండీ అని వచ్చినవాళ్లకు నాన్న చెప్పేవాడు. అసలు సంగతి వేరు. ఆ దుప్పటి వెనక మిషను తిప్పేది నేను.

ముప్పై ఏళ్లు నాన్న ఒక్కడే ఆ మిషను మీద పని చేశాడు. రైసు మిల్లుల బుష్షులు, పంపుసెట్ల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, ఏది అరిగినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికే తెచ్చేవారు. తొంభై అయిదు ప్రాంతంలో ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. ముద్ద కలుపుకుంటుంటే మెతుకులు కంచం బయట పడేవి. భోజనం సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. వెంట్రుకవాసి లెక్కన ఇనుము చెక్కేవాడికి చెయ్యి వణికితే ఇంకేముంది? డాక్టరు నరాల బలహీనతని బిళ్లలు రాశాడు. వాటితో నాన్నకి నిద్ర బాగా పట్టింది గాని వణుకు తగ్గలేదు.

నేను అప్పటికి ఇంటర్లో ఫిజిక్సు తప్పి ఇంట్లో కూర్చున్నాను. పన్నెండో ఏట నుంచీ క్యారియరు ఇచ్చే వంకతో షాపులో గంటలకొద్దీ ఉండేదాన్ని కాబట్టి మిషను పని నాకు తెలుసు. ఒకరోజు నాన్న చేతిలో బుష్షు మూడోసారి పాడైపోతే, నేనే ఆయన్ని పక్కకి తప్పించి ఆ పని పూర్తి చేశాను. ఆ సాయంత్రం దుప్పటి కట్టారు. నేను లంగా మీద నాన్న పాత చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతులదాకా మడుచుకుని, జడ చుట్టచుట్టి ముడేసుకుని దాని వెనక చేరాను.

పని ఎలా నడిచేదంటే, వచ్చినవాళ్లు కొలతలు నాన్నకి చెప్పేవారు. ఆయన వాటినే పెద్ద గొంతుతో తిరిగి చెప్పేవాడు. "బయట అంగుళంపావు, లోపల బోరు ముప్పావు, అంతేకదండీ?" అని వీధి చివరికి వినపడేలా అడిగేవాడు. అది నాకోసం. నేను లోపల గోడ మీద సుద్దముక్కతో రాసుకునేదాన్ని. పాపం టర్నరుగారికి చెవుడు కూడా వచ్చిందని చాలామంది జాలిపడేవారు. ఆడపిల్ల తిప్పిన షాఫ్టంటే ఎవరూ నమ్మి బిగించుకోరని నాన్న భయం. గ్రీజు చేతుల పిల్లని ఎవరు చేసుకుంటారని అమ్మ భయం. నాకు మటుకు ఏ భయమూ లేదు, ఉన్నదంతా కోపమే. నేను చేసిన పనిని చేతిలో తిప్పి చూసుకుంటూ "మీ చెయ్యే చెయ్యండీ" అని వాళ్లు నాన్నని పొగుడుతుంటే, దుప్పటి వెనక పళ్లు నూరుకునేదాన్ని.

అలా రెండేళ్లు గడిచాయి. ఆ ఏడు వానల మొదట్లో ముదినేపల్లి నుంచి ఒకాయన తన జీపుని ట్రాక్టరుకి తాడుతో కట్టి లాక్కొచ్చారు. ఆయనకి చేపల చెరువులున్నాయి. నాన్నని బావగారూ అని పిలిచేవారు, చుట్టరికం ఏమీ లేదు. ఆ లెక్కన నేను ఆయనకి కోడల్ని, ఆయన నాకు మావయ్యగారు. ఆ జీపు మిలటరీవాళ్లు వాడి వదిలేసిన పాత పెట్రోలు బండి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది. వాన పడ్డాక చెరువుగట్ల మీద మా నల్లరేగడి జిగురైపోతుంది. అప్పుడు మేత బస్తాలు మోసుకుని ఆ గట్టెక్కగలిగిన బండి అదొక్కటే. కాని అది పెట్రోలుని నీళ్లలా తాగేది, చివరికి దాని ఇంజను బ్లాకు పగిలింది.

మావయ్యగారు బందరు వెళ్లి, రేవు దగ్గర పాత సామాను అమ్మేవాడి దగ్గర ఒక డీజిలు ఇంజను బేరమాడి తెచ్చారు. ఎప్పుడో వేలంలో ఎవరో పాడుకుని విప్పేసిన లాంచిది అది. ఉప్పుగాలికి పెయింటంతా పొలుసులు లేచి ఉంది. జీపులో బోటు ఇంజను ఏమిటండీ అని నాన్న నవ్వాడు. నీళ్లలో అంత బరువు లాగింది, బురదలో లాగదా అన్నారాయన. ఆ మాట మా పక్క షెడ్డు మెకానిక్కుకి తెగ నచ్చింది. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. పుట్టింది బందరే, చిన్నప్పుడు రేవులో పనిచేశాడు. ఇంజను ఎక్కించడం బాబాయ్ వంతు. ఆ ఇంజనుకీ జీపు గేరుబాక్సుకీ సంబంధం కుదర్చడం మా వంతు. రెండింటి బోల్టు రంధ్రాలూ కలవవు కాబట్టి మధ్యలో ఒక దళసరి ఇనప పలక రావాలి. ఒకవైపు ఇంజను రంధ్రాలు, ఇంకోవైపు గేరుబాక్సు రంధ్రాలు, నడిమధ్యన షాఫ్టు కూర్చునే బోరు. అది వెంట్రుకవాసి పక్కకి జరిగినా క్లచ్చు నెల తిరక్కుండా అరిగిపోతుంది.

ఇంజను మొహానికి గ్రీజు రాసి, పాత క్యాలెండరు వెనకవైపు అద్దితే రంధ్రాలన్నీ అచ్చు పడతాయి. ఆ అచ్చు ఎప్పుడూ అద్దంలో బొమ్మలాగా తిరగబడి వస్తుంది. చాలామంది అది మరిచిపోయి పలకనంతా పాడుచేస్తారు. నేను కాగితం మీద ఇది ఇంజను వైపు, ఇది గేరుబాక్సు వైపు అని పెద్దక్షరాలతో రాసుకుని, నాలుగు రోజులు కూర్చుని పలక తయారుచేశాను. బోరులో వేలు పెట్టి తిప్పి చూస్తే ఎక్కడా గరుకు తగల్లేదు. అంత మంచి పని అంతకుముందు నేను చెయ్యలేదు. నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసి, "చివరి పని ఇంత బాగా కుదిరింది" అన్నాడు.

చివరి పనేమిటని ఆ రోజు అమ్మనడిగాను. అప్పుడు తెలిసింది. విజయవాడ నుంచి ఒకాయన వచ్చి మిషను చూసుకుని వెళ్లాడట. దసరాకి ఆయుధ పూజ చేసుకుని ఇచ్చేస్తానని నాన్న మాటిచ్చాడట. దుప్పటి గుట్టు ఎన్నాళ్లు దాస్తాం, పరువుగా మూసేద్దాం అన్నాడట. మిషను పోతే నేనేం చెయ్యాలో ఎవరూ అడగలేదు. నా బతుకులో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. నేను నాన్నతో మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టమంటే పెట్టాను, కొలతలు చెబితే విన్నాను, నోరు మటుకు విప్పలేదు.

అలక రెండో రోజున బాబాయ్ ఇంజనుని ఆవరణలో తాటిదూలాల మీద పెట్టి స్టార్టు చేశాడు. నేను దుప్పటి చిరుగులోంచి చూస్తున్నాను. ఫ్లైవీలు నావైపుకే ఉంది. మా పక్క షెడ్డుకి వచ్చిన ఏ ఇంజనుకైనా ఇటువైపు నుంచి చూస్తే ఆ చక్రం పైభాగం ఎడమకి పోతుంది. దీనిది కుడికి పోతోంది. బాబాయ్ అవతలివైపు నిలబడి, కళ్లు మూసుకుని శబ్దం వింటున్నాడు. శబ్దం బాగుంటే ఆయనకిక చూడక్కర్లేదు. మావయ్యగారు పొగ రంగు చూసి మురిసిపోతున్నారు. నాన్నా, ఇటొచ్చి చూడు అని నేను ఒక్కమాట అంటే సరిపోయేది. కాని ముందు మాట్లాడితే అలకలో నేను ఓడినట్టు. బోటు ఇంజన్లు ఇలాగే తిరుగుతాయేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఊరుకున్నాను.

నాలుగు రోజుల్లో ఇంజను జీపులోకెక్కింది. నా పలక ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా కూర్చుంది. రేడియేటరు వెనక ఫ్యాను బిగించి స్టార్టు చేస్తే గాలి ఇంజను మీదికి రాకుండా ముందుకి కొట్టింది, ఎదురుగా నిలబడ్డ మావయ్యగారి కండువా ఎగిరిపోయింది. బాబాయ్ ఫ్యాను విప్పి తిరగేసి బిగించాడు. అయినా గాలి ముందుకే. సముద్రపు గాలి అలవాటు కదా, రెండ్రోజులు పోతే మన గాలి పడుతుందిలే అన్నారు మావయ్యగారు. అందరూ నవ్వారు. నాకు ఆ చక్రం కుడికి పోవడం గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న మంచి గడియ చూసుకుని జీపుని రోడ్డు మీద నిలబెట్టారు. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మావయ్యగారు దండం పెట్టుకుని ఎక్కి, మొదటి గేరు వేసి క్లచ్చు వదిలారు. జీపు రివ్వున వెనక్కి వెళ్లి టీ కొట్టు బెంచీని గుద్దింది. అదృష్టంకొద్దీ బెంచీ మీద ఎవరూ లేరు, రెండు గాజు గ్లాసులు పోయాయంతే. గేరు తప్పు పడిందనుకుని మళ్లీ వేశారు. మళ్లీ వెనక్కే. రెండో గేరూ అంతే, మూడోదీ అంతే. రివర్సు వేస్తే మటుకు బుద్ధిగా ముందుకొచ్చింది. నిమ్మకాయలు పెట్టినచోటే పచ్చగా ఉన్నాయి.

గుడివాడవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? క్షణంలో జనం మూగారు. బందరు సరుకు కదా, పుట్టింటికి పోతానంటోంది అని ఒకరు. మొహం అటు తిప్పి కూర్చుంటే సరిపోలా అని ఇంకొకరు. బాబాయ్‌కి చెమటలు పట్టాయి. బండి కిందికి దూరి, పైకి లేచి, చివరికి తప్పంతా పలక మీదికి నెట్టాడు. అచ్చు తిరగబడి ఉంటుంది, పలక వెనకది ముందుకొచ్చి ఉంటుంది, అందుకే బండి వెనక్కి పోతోందని తేల్చాడు. జనానికి అది న్యాయంగానే తోచింది. మావయ్యగారు నాన్న చెయ్యివంక చూశారు. ఆ చూపు నాకు దుప్పటి చిరుగులోంచి కూడా కనపడింది.

"మీ చెయ్యి వణుకుతోందని ఊళ్లో అంటుంటే నేను నమ్మలేదండీ బావగారూ" అన్నారాయన.

పలక తిరగబడితే అసలు బోల్టులే ఎక్కవని నాన్నకి తెలుసు. ఆ మాట ఆయన అంటాడని ఎదురుచూశాను. ఆయన తలొంచుకుని, "కొలత నేనే తప్పానండీ. తప్పు నాదే" అన్నాడు.

గుట్టు నిలబెట్టడానికి ఆయన తన ముప్పై ఏళ్ల పేరుని ఆ రోడ్డు మీద పారబోసుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆలోచించి దుప్పటి దాటలేదు. ఆ చొక్కాతో, ఆ గ్రీజు చేతులతో నేరుగా రోడ్డు మీదికొచ్చేశాను.

"ఆ పలక చేసింది నేనండీ మావయ్యగారూ, నాన్న కాదు. రెండేళ్ల నుంచీ మా షాపులో మిషను తిప్పేది నేనే. పలకలో తప్పు లేదు. ఇంజనే ఎదురు తిరుగుతోంది."

ఇంజను స్టార్టు చెయ్యమని, ఫ్యాను బెల్టుకి ఒక కాగితం ముక్క ఆనించి చూపించాను. పక్కన ఆగి ఉన్న లారీ ఇంజను బెల్టుకీ అలాగే ఆనించాను. ఇది కాగితాన్ని అటు లాగింది, అది ఇటు లాగింది. చూసిన బాబాయ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు ఆయనకి రేవు గుర్తొచ్చింది. రెండు ఇంజన్లున్న లాంచికి ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగేలా పెడతారట. రెండూ ఒకవైపే తిరిగితే లాంచి పక్కకి లాగేస్తుందట. మనకొచ్చింది ఆ జంటలో ఎడమది అన్నాడు. ఎన్నో ఏళ్లు రేవులో పనిచేసి ఇది మరిచిపోయానేమిటని తనని తానే తిట్టుకున్నాడు.

నీకెప్పుడు తెలిసిందమ్మా కోడలా అని మావయ్యగారు అడిగారు. దూలాల మీద స్టార్టు చేసినప్పుడే చూశానని చెప్పాను. మరి చెప్పలేదేం అన్నారు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నాన్న మీద అలిగానండీ, మాట్లాడటం లేదు" అన్నాను. జనమంతా గొల్లున నవ్వారు. మావయ్యగారు కూడా నవ్వారు. నాన్న నవ్వలేదు. నా అలక ఖరీదు ఆయన తలొంచుకోవడం. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న ఒకే ఒక్క మాటన్నాడు. గుట్టంతా రచ్చకెక్కించావు అన్నాడు. మిషను అమ్ముకునేవాళ్లకి గుట్టెందుకని నేను అనేశాను. అమ్మ నా నెత్తి మీద గరిటెతో ఒక్కటేసింది. నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు మావయ్యగారు వచ్చి, జంటలో రెండో ఇంజను ఎక్కడుందో వెతుకుదాం, అమ్మాయి రావాలి, మా కళ్లకి ఏదీ సరిగ్గా కనపడటం లేదు అన్నారు. నన్నొక్కదాన్నే పంపడం ఇష్టంలేక నాన్న కూడా బయల్దేరాడు. ముగ్గురం బస్సులో బందరు వెళ్లాం. రేవు దగ్గర సామాను అమ్మినవాడు తన తప్పేమీ లేదన్నట్టు, రెండోది ఏడాది కిందటే హంసలదీవి వైపు ఒక బోటువాళ్లు పట్టుకెళ్లారని చెప్పాడు. దానితోపాటు బోటుని తోసే, నీళ్లలో తిరిగే పంకా ఒకటి కూడా ఇచ్చాడట. రెండో పంకా ఏమైందంటే కంచు కదండీ, కరిగించేశారు అన్నాడు. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడినుంచి కోడూరు, అక్కడినుంచి ఆటో. దారిపొడుగునా నాన్నా నేనూ చెరో కిటికీలోంచి చెరో వైపు చూశాం. మధ్యలో మావయ్యగారు ఇద్దరికీ వేరుశనక్కాయలు పంచుతూ కూర్చున్నారు.

హంసలదీవి దగ్గర కాలువ ఒడ్డున ఆ బోటువాళ్ల ఇల్లు. ఇంటావిడ చేపలు ఎండబెడుతోంది. ఏభై దాటి ఉంటాయి, గట్టి మనిషి. ఆవిడ మొగుడు బోటులోనే ఉన్నాడు. మేం వచ్చిన పని విని ఇంజను ఇవ్వనని మొదటే చెప్పేశాడు. కావాలంటే చూసుకోండని మమ్మల్ని ఎక్కించుకుని కాలువలోకి నడిపాడు. నేను ఇంజను పక్కనే కూర్చున్నాను. ఫ్లైవీలు మన లారీలకి తిరిగినట్టే తిరుగుతోంది. సంతోషపడేలోపే ఇంకోటి కనపడింది. బోటుని ముందుకి నడపడానికి ఆయన గేరు కర్రని వెనక్కి లాగి పట్టుకున్నాడు.

ఎందుకలా అనడిగితే ఆయన గర్వంగా మీసం దువ్వుకున్నాడు. కొన్ననాటి నుంచీ దీని స్వభావం అంతేనట. వెనక గేరులోనే ముందుకి పోతుందట. ఈ బోటు నా చేతికి తప్ప ఇంకెవరికీ లొంగదు, దొంగ వచ్చినా ఎత్తుకెళ్లలేడు అన్నాడు. మావయ్యగారు నావంక చూశారు, నేను ఆయనవంక చూశాను. కుడి ఇంజనుకి ఎడమ పంకా తగిలించుకుని వీళ్లు ఏడాదిగా సముద్రం మీద తిరుగుతున్నారు. మా ఇంజను వీళ్ల పంకాకి సరిపోతుంది, వీళ్ల ఇంజను మా జీపుకి సరిపోతుంది.

ఒడ్డుకొచ్చాక ఆ సంగతి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇంటావిడ మటుకు చేపలు వదిలేసి దగ్గరికొచ్చింది. గేరుబాక్సు ఎన్నిసార్లు కాలిందో అడిగాను. మూడుసార్లని ఆవిడే చెప్పింది. వెనక గేరు కాసేపటికే గాని రోజంతా నడవడానికి చేసింది కాదని, అందుకే కాలుతోందని చెప్పాను. పనిలో పనిగా షాఫ్టు కూడా అరిగి ఊగుతోందని, అది కొత్తది చేసిస్తామని అన్నాను. ఆయనకి చిరాకేసింది. చిన్నపిల్ల మాట కాదు, టర్నరు మీరు కదా, మీరు చెప్పండి అని నాన్నవైపు తిరిగాడు.

నాన్న జేబులో దాచుకున్న కుడి చేతిని బయటికి తీసి, ఆయన ముందు చాపి పట్టుకున్నాడు. అది గాలికి ఆకులా వణుకుతోంది. రెండేళ్లలో బయటివాళ్ల ముందు ఆయన ఆ చెయ్యి చాపడం నేను చూడలేదు.

"టర్నర్ని నేను కాదండీ ఇప్పుడు. మా అమ్మాయి. నా మాట కన్నా దాని మాట నిజం. నేను దాన్ని అడిగే చేస్తాను."

ఇంటావిడ నాన్న చేతిని చూసింది, తర్వాత నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గోళ్లలో గ్రీజు, అరచేతుల్లో కాయలు. తన చేతులూ అలాగే ఉన్నాయి, ఉప్పుకి పగిలి.

"ఇంజను పంపిద్దాం. షాఫ్టు ఈ పిల్లే చెయ్యాలి, ఇంకెవరితోనూ చేయించకండి" అంది మొగుడితో. ఆ ఇంట్లో బోటు నడిపేది ఆయనైనా, మాట నడిచేది ఆవిడది.

తిరుగు బస్సులో నాన్న నా పక్క సీట్లో కూర్చున్నాడు. చూసిన రోజే ఎందుకు చెప్పలేదని అడిగాడు. మిషను అమ్మేస్తున్నానని నువ్వెందుకు చెప్పలేదని నేనడిగాను. ఇద్దరం ఒకే రకం అన్నాడు. చల్లపల్లి దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. మిషను సంగతి నేను మళ్లీ ఎత్తలేదు. మాటిచ్చాక వెనక్కి తీసుకునే మనిషి కాదని నాకు తెలుసు.

వారంలోపల ఇంజన్లు అటూ ఇటూ మారాయి. రెండో ఇంజను నా పలకకి అచ్చంగా అతికింది, ఒక్క బోల్టు కూడా మార్చక్కర్లేకపోయింది. ఈసారి నిమ్మకాయలు పెట్టనివ్వలేదు మావయ్యగారు. మొదటి గేరు వేస్తే జీపు ముందుకి కదిలింది. గేదెలా నెమ్మదిగా, గేదెలాగే మొండిగా. ముదినేపల్లిలో వాన వెలిసిన చెరువుగట్టు మీద ట్రాక్టరు దిగబడిన చోటు దాటి, పది బస్తాల మేతతో పైకెక్కింది. బాబాయ్ గట్టు మీద నిలబడి ఈలేశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, పలక మీద నింద వేశాను, తప్పయిందమ్మా అన్నాడు. ఆ మాట నాన్నతో కూడా చెప్పమన్నాను. వెళ్లి చెప్పాడు.

ఆ రోజుల్లోనే షాపులో దుప్పటి కనపడలేదు. ఉతకడానికి వేశానంది అమ్మ. ఉతికాక ఎవరూ మళ్లీ కట్టలేదు. మొదట్లో వచ్చినవాళ్లు కొందరు నన్ను చూసి ఆగిపోయి, మళ్లీ వస్తామని వెళ్లిపోయారు. కొందరు నిజంగానే మళ్లీ వచ్చారు. జీపు కథ గుడివాడంతా పాకింది కాబట్టి కొందరు ఊరికే చూడ్డానికి వచ్చి, సిగ్గుపడి ఏదో ఒక బోల్టు చేయించుకుని పోయేవారు.

దసరా వచ్చింది. మిషనుకి పసుపు రాసి బొట్లు పెట్టాం. నాన్న ఎప్పటికన్నా ఎక్కువసేపు దండం పెట్టుకున్నాడు. నేను బొట్టు పెడుతూ మనసులో దాని దగ్గర సెలవు తీసుకున్నాను. ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను, ఏడవలేదు.

పండగ వెళ్లిన మూడో రోజున విజయవాడాయన లారీ తీసుకుని, నలుగురు మనుషులతో, గొలుసులతో వచ్చాడు. నేను మిషను మీద ఉన్నాను. హంసలదీవివాళ్ల షాఫ్టు బిగించి సగం తిప్పాను. పని మధ్యలో ఆపితే గీత పడుతుందని తలెత్తలేదు. బయట మాటలు మటుకు వినపడుతున్నాయి. ఆయన నమస్కారం పెట్టి, మాట ప్రకారం వచ్చానండీ, మిషను దింపిస్తారా అన్నాడు.

"మిషను ఖాళీగా లేదండీ. పని మీద ఉంది" అన్నాడు నాన్న.

పనయ్యేదాకా కూర్చుంటానన్నాడాయన, స్టూలు లాక్కుని. మాకేం తొందర లేదండీ అన్నాడు.

"ఎక్కడ కూర్చుంటారండీ, ఇది చాలా ఏళ్ల పని. నేను మాట తప్పాను. నన్ను ఎన్ని అన్నా పడతాను" అన్నాడు నాన్న.

నాకు ఎదురుగా ఉన్న షాఫ్టు మసకబారింది. కళ్లు సరిగ్గా కనపడనప్పుడు ముందు ఇనుము చెక్కే టూలు వెనక్కి లాగు, తర్వాత ఏడు అని చిన్నప్పుడు నాన్నే నేర్పాడు. గీత పడితే పడనీలే అనుకుని టూలు వెనక్కి లాగి మిషను ఆపాను. విజయవాడాయన లారీ ఎక్కి వెళ్లిపోయేదాకా మోచేతిలో మొహం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాన్న లోపలికొచ్చి, షాఫ్టు మీద వేలితో రాసి చూసి, గీత పడిందే, మళ్లీ మొదట్నుంచీ తిప్పు అన్నాడు.